కంప్యూటర్‌కీ ఉండాలి ఓ పోపులపెట్టె!

"నిన్న ఇదే పని చక్కగా చేశానే... ఇవాళ ఎందుకు మొరాయిస్తోంది?" కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగినుల్లో ఈ మాట అనుకోనివారు అరుదు. మర్చిపోవడం తప్పేం కాదు. మర్చిపోతామని తెలిసీ రాసి పెట్టుకోకపోవడంతోనే చిక్కంతా. చిన్న చిన్న కోడ్ ముక్కల్ని, సెట్టింగుల్ని దాచుకునే అలవాటు గురించే ఈ కథనం.

ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువ... పోపు వేసిన ప్రతిసారీ వీటికోసం ఎవరూ కిరాణాకొట్టుకు పరుగెత్తరు. చేతికందేంత దూరంలో పోపులపెట్టె ఉంటుంది. ఏ గిన్నెలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పేయగలం. అదే మనం ఆఫీసుకి వెళ్లగానే మాత్రం, నెలనెలా చేసే పనికే నెలనెలా కొత్తగా వెతుకులాడతాం. పక్క సీటు వాళ్లని అడుగుతాం. వాళ్లు సెలవులో ఉంటే ఫోన్ చేస్తాం. అదీ కుదరకపోతే రెండొందల పేర్లు ఒక్కొక్కటిగా చేత్తోనే సరిచేస్తూ, సాయంత్రం బస్సు తప్పించుకుంటాం.

ప్రోగ్రామర్లు ఇలాంటి చిన్న ముక్కల్ని 'స్నిపెట్లు' అంటారు. కత్తిరించి పెట్టుకున్న తుంపులన్నమాట. అవి పెద్ద ప్రోగ్రాములేం కావు. ఒకటి రెండు వరసల ఆదేశాలు, ఒక ఎక్సెల్ ఫార్ములా, ఫలానా సాఫ్ట్‌వేర్ పెట్టాక మార్చాల్సిన సెట్టింగులు... అంతే. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకే కాదు, బడిలో మార్కుల జాబితాలు చేసే టీచరమ్మకీ, పొదుపు సంఘం లెక్కలు చూసే అక్కకీ, కొట్టు ఖాతాలు కంప్యూటర్లో రాసే ఇల్లాలికీ ఈ పెట్టె పనికొస్తుంది.

నోటు పుస్తకాలతోనే మొదలు

ఇది ఈ కాలపు అలవాటు కాదు. 1944లో అమెరికా నౌకాదళం తరఫున హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి గ్రేస్ హాపర్ అనే గణిత అధ్యాపకురాలు వచ్చారు. అక్కడి మార్క్-1 అనే భారీ యంత్రానికి ప్రోగ్రాములు రాసిన తొలి కొద్దిమందిలో ఆమె ఒకరు. సరిగ్గా పనిచేసిన ముక్కల్ని ఆ బృందంలోని వాళ్లు నోటు పుస్తకాల్లో రాసి పెట్టుకునేవారు. ఒకరికి అవసరమైతే మరొకరి పుస్తకం అడిగి తీసుకుని, అందులోంచి కాపీ చేసుకునేవారు.

అక్కడే హాపర్ ఒక సంగతి కనిపెట్టారు. మహా తెలివైన గణితవేత్తలు కూడా కాపీ చేసేటప్పుడు పొరబడుతున్నారు! ఇంగ్లిష్ 'బి' అక్షరం 13లా మారిపోయేది. డెల్టా గుర్తు 4 అయిపోయేది. 'మనిషి కాపీ చేస్తే తప్పులు వస్తున్నాయి కదా, ఆ పని యంత్రానికే అప్పగిస్తే?' అన్న ఆలోచన ఆమెను 1952 నాటికి ఏ-0 అనే పద్ధతి దాకా నడిపించింది. దాచిపెట్టిన ముక్కల్ని యంత్రమే వెతికి, వరసలో కూర్చి ప్రోగ్రాముగా తయారు చేసే ఆ పనికే 'కంపైలర్' అన్న పేరు పెట్టారు. తర్వాత వ్యాపార లెక్కల కోసం వచ్చిన కోబాల్ భాషకు కూడా ఆమె పనే పునాది.

అదే కాలంలో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌శాక్ అనే యంత్రం 1949లో పనిచేయడం మొదలుపెట్టింది. దానికోసం తరచూ వాడే ముక్కల్ని కాగితపు టేపుల మీద చిల్లులు వేసి దాచేవారు. 1951 నాటికి అలాంటివి 87 పోగయ్యాయి. వాటిని ఎలా వాడాలో చెబుతూ ఆ ఏడాదే ఒక పుస్తకం కూడా వేశారు. అంటే కంప్యూటర్ పుట్టిన నాటి నుంచే దాని పక్కన పోపులపెట్టె ఉందన్నమాట!

ఒక్కో చీటీలో అయిదు మాటలు

చాలామంది ఫార్ములా ఒక్కటే రాసుకుని వదిలేస్తారు. ఆరు నెలల తర్వాత చూస్తే అది దేనికోసమో వాళ్లకే అర్థం కాదు. మూత మీద పేరు లేని డబ్బాలోది సున్నమో, బియ్యప్పిండో తెలియనట్టే! అందుకే ఒక్కో చీటీలో అయిదు సంగతులు ఉండాలి.

• పని: ఏం కావాలనుకుని రాశారో మామూలు తెలుగులో ఒక వాక్యం. రేపు వెతికేటప్పుడు మీకు గుర్తొచ్చేది ఈ మాటే.

• ఆదేశం: చుక్క, కామా, ఖాళీ సహా ఉన్నది ఉన్నట్టు. చూసి టైపు చేయొద్దు. పనిచేసిన చోటు నుంచే కాపీ చేయండి. హాపర్ చెప్పిన 13 కథ గుర్తుంది కదా!

• ఎక్కడ, ఎప్పుడు: ఏ కంప్యూటర్లో, ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్‌లో, ఏ తేదీన పనిచేసింది.

• ఫలితం: సరిగ్గా జరిగితే తెర మీద ఏం కనబడాలి.

• జాగ్రత్త: తేడా వస్తే వెనక్కి తీసుకునే దారి ఏమిటి? దారే లేకపోతే ఆ మాట పెద్ద అక్షరాల్లో రాయాలి.

వర్డ్‌లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు

ఈ చీటీలు ఎక్కడ రాయాలన్నది చిన్న సంగతిలా కనబడుతుంది గానీ, సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి. వర్డ్‌లో టైపు చేస్తే నిటారుగా ఉండాల్సిన కొటేషన్ గుర్తుల్ని అదే అందంగా వంకర తిప్పేస్తుంది. రెండు హైఫన్లను కలిపి ఒక పొడుగు గీత చేసేస్తుంది. కంటికి బాగానే ఉంటుంది గానీ కంప్యూటర్‌కి అవి వేరే గుర్తులు. దాంతో ఆదేశం పనిచేయదు. వాట్సాప్‌లో ఒక మాటకి రెండు వైపులా నక్షత్రం గుర్తు ఉంటే, ఆ నక్షత్రాలు మాయమై మధ్యలోది లావు అక్షరాలుగా మారిపోతుంది. కోడ్‌లో నక్షత్రమంటే గుణకారం. అది కనబడకుండా పోతే లెక్క ఏం కాను!

అందుకే నోట్‌ప్యాడ్ లాంటి మామూలు టెక్స్ట్ ఫైలు మేలు. ఏ అలంకారాలూ చేయదు, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. ఫైళ్లు పది పెట్టొద్దు, ఒక్కటి చాలు. వెతకడానికి కంట్రోల్, ఎఫ్ మీటలు ఉండనే ఉన్నాయి.

పెట్టెలో మొదటి ఆరు చీటీలు

(ఇక్కడ ఆదేశాల్ని పలికే తీరులో రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

1. ఒక జాబితాలోంచి మరో జాబితాలోకి: సిబ్బంది నంబరు కొడితే పేరో, బ్యాంకు ఖాతానో దానంతటదే రావాలంటే ఎక్సెల్‌లో చాలామంది వాడేది వీలుకప్. దీనికి నాలుగు సంగతులు చెప్పాలి. ఏం వెతకాలి, ఎక్కడ వెతకాలి, ఎన్నో కాలమ్ తేవాలి అన్న మూడూ అందరూ రాస్తారు. నాలుగోది వదిలేస్తారు. ముప్పు అక్కడే ఉంది. ఏమీ రాయకపోతే 'దగ్గర దగ్గరగా సరిపోయింది చాలు' అని ఎక్సెల్ అనుకుంటుంది. జాబితా ఆరోహణ క్రమంలో లేకపోతే ఒకరి నంబరుకి ఇంకొకరి ఖాతా తెచ్చి పెడుతుంది. తప్పు జరిగిందని ఒక్క మాట కూడా చెప్పదు! నాలుగో చోట 'ఫాల్స్' అని రాస్తే అచ్చంగా సరిపోయినదే తెస్తుంది, దొరక్కపోతే లేదని చెబుతుంది. కొత్త ఎక్సెల్‌లలో ఉన్న ఎక్స్‌లుకప్ అయితే మనం చెప్పకుండానే అచ్చంగా సరిపోయిన దాన్నే చూస్తుంది.

2. పొడుగు నంబర్లు: ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల కార్డు నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ఖాతా నంబరు ముందు సున్నాలుంటే అవీ ఎగిరిపోతాయి. ఒకసారి పోయిన అంకెలు తర్వాత ఏం చేసినా తిరిగి రావు. కాబట్టి టైపు చేయకముందే ఆ కాలమ్ మొత్తాన్ని 'టెక్స్ట్'గా మార్చాలి. బ్యాంకు నుంచో, వెబ్‌సైట్ నుంచో వచ్చిన సీఎస్‌వీ ఫైలుని రెండుసార్లు క్లిక్ చేసి తెరవకుండా, ఎక్సెల్‌లోని డేటా మెనూ ద్వారా లోపలికి తెచ్చుకుని, ఆ కాలమ్ టెక్స్ట్ అని చెప్పాలి.

'ఎక్సెల్ చేసే ఈ చిన్న సవరణలకి ఇంత హడావుడా?' అనుకోకండి. కొన్ని జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలనుకుని మార్చేస్తోందని, శాస్త్రవేత్తలు 2020లో ఏకంగా ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు! అదే ఏడాది ఇంగ్లండ్‌లో కొవిడ్ వివరాలు పాత రకం ఎక్సెల్ ఫైలులో వేశారు. అందులో 65,536 వరసలకి మించి పట్టవు. మిగిలినవి చడీచప్పుడు లేకుండా జారిపోయాయి. 15,841 మంది వివరాలు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. వాళ్లతో మెలిగినవారిని సమయానికి హెచ్చరించే వీలు లేకపోయింది.

3. తెలుగు పేర్లు పిచ్చి గీతలైతే: పైథాన్‌తో తయారు చేసిన సీఎస్‌వీ ఫైలుని ఎక్సెల్‌లో తెరిస్తే, తెలుగు బదులు అర్థంకాని గుర్తులు కనబడటం మామూలే. ఫైలు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8-సిగ్' అని చెబితే సరి. ఇది తెలుగు యూనికోడ్ ఫైలని ఎక్సెల్ మొదట్లోనే గుర్తుపడుతుంది. ఇంకో కిటుకు కూడా చీటీలో రాసుకోండి. 'తెలుగు' అనే మాట మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ మాత్రం అచ్చుల గుర్తుల్ని విడిగా లెక్కేసి ఆరంటుంది. యూటీఎఫ్-8లో ఆ ఆరింటికీ 18 బైట్లు పడతాయి. పేరుకి 20 బైట్ల చోటే ఇచ్చిన డేటాబేస్‌లో మన సత్యనారాయణలు, రాజ్యలక్ష్ములు సగానికే ఆగిపోయేది ఇందుకే.

4. అప్పు నెలసరి వాయిదా: ఇది ఇంటికీ పనికొచ్చే చీటీ. ఎక్సెల్‌లో పీఎంటీ అనే ఫార్ములా ఉంది. దానికి నెల వడ్డీ, ఎన్ని నెలలు, ఎంత అప్పు అన్నవి చెప్పాలి. అయిదు లక్షలు, ఏడాదికి 9 శాతం, 60 నెలలు అనుకుందాం. వడ్డీని 12తో భాగించి ఇస్తే నెలకి సుమారు 10,379 రూపాయలని వస్తుంది. మొత్తం మీద కట్టే వడ్డీ దాదాపు 1,22,750 రూపాయలు. 12తో భాగించడం మర్చిపోతే వాయిదా 45 వేలు దాటి గుండె ఆగినంత పనవుతుంది! జవాబు మైనస్ గుర్తుతో వస్తే కంగారు పడొద్దు, అప్పు మొత్తం ముందు మైనస్ పెడితే సరిపోతుంది. ఫైనాన్స్ వాళ్లు చెప్పిన వాయిదా దీనికంటే ఎక్కువుంటే ఎందుకో ధైర్యంగా అడగొచ్చు.

5. ఫైళ్లకి నకలు: విండోస్‌లో రోబోకాపీ అనే ఆదేశం ఉంది. ఒక ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకో, మరో డిస్కులోకో నకలు తీస్తుంది. దానికి 'మిర్' అనే తోక తగిలిస్తే రెండు చోట్లా అచ్చు ఒకేలా ఉండేట్టు చేస్తుంది. అంటే మొదటి దాంట్లో లేనివి రెండో దాంట్లోంచి తుడిచేస్తుంది కూడా. పొరపాటున రెండు ఫోల్డర్ల పేర్లు తారుమారు చేశారో... ఖాళీ పెన్‌డ్రైవ్‌ని చూసి, నిండుగా ఉన్న ఫోల్డర్‌ని ఖాళీ చేసేస్తుంది! అందుకే ముందు చివర్లో స్లాష్, ఎల్ చేర్చి నడపాలి. అప్పుడు ఏమీ చేయకుండా, ఏం చేయబోతోందో జాబితా మాత్రం చూపిస్తుంది. అది చదివాకే అసలు పని. పిల్లల ఫొటోలైనా, ఆఫీసు ఫైళ్లయినా మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల చోట్ల ఉండాలని, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలని నిపుణులు చెప్పేది ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

6. డేటాబేస్‌లో మార్పు: ఇది ప్రోగ్రామింగ్ ఉద్యోగాల్లో ఉన్నవారికి. 'అప్‌డేట్' ఆదేశంలో 'వేర్' అనే భాగం మర్చిపోతే ఒక్కరి జీతం బదులు కంపెనీ మొత్తం జీతాలు మారిపోతాయి. కాబట్టి చీటీలో వరస ఇలా ఉండాలి. ముందు అదే 'వేర్'తో 'సెలెక్ట్' నడిపి ఎన్ని వరసలు వస్తున్నాయో చూడాలి. తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అప్పుడు అప్‌డేట్ చేయాలి. మారిన వరసల లెక్క ఇందాకటి లెక్కతో సరిపోతే 'కమిట్', లేదంటే 'రోల్‌బ్యాక్'. నాలుగు అడుగులూ ఒకే చీటీలో ఉంటే తొందరలో ఒకటి జారిపోదు.

కొత్త కంప్యూటర్ చేతికిచ్చినప్పుడు

ఉద్యోగం మారినా, కంప్యూటర్ పాడైనా మొదటి రెండు రోజులు సర్దుకోవడానికే సరిపోతాయి. కొత్త ఇంట్లో పాలు పొంగించిన మర్నాటి నుంచీ ఏ డబ్బా ఎక్కడుందో వెతుక్కున్నట్టు ఉంటుంది. ఈసారి ఆ పని చేసేటప్పుడు పక్కనే ఫైలు తెరిచి, ఏది పెట్టాక ఏది పెట్టారో వరసగా రాయండి. వరసే ముఖ్యం.

పైథాన్ వాడేవారు ఒక్కో పనికి ఒక్కో విడి 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్' పెట్టుకోవాలి. పాయసం గిన్నెలో పులుసు కాచనట్టే, ఒక పనికి కావలసిన లైబ్రరీలు మరో పనివాటితో కలవకూడదు. పని పూర్తయ్యాక 'పిప్ ఫ్రీజ్' అంటే ఏ లైబ్రరీ ఏ వెర్షన్ వాడారో జాబితా ఇస్తుంది. దాన్ని ఫైలుగా దాచుకుంటే మరో కంప్యూటర్లో అదే వంట అదే రుచితో వస్తుంది. గిట్ వాడేవారు మొట్టమొదట పేరు, ఈమెయిల్ సరిచూసుకోవాలి. సొంత మెయిల్ ఉండిపోతే ఆఫీసు పని చరిత్రలో అదే అచ్చయిపోతుంది, తర్వాత మార్చడం పెద్ద తలనొప్పి.

పెట్టెలో వేయకూడనివి

పాస్‌వర్డులు, ఓటీపీలు, రహస్య కీలు ఈ ఫైల్లో రాయకండి. వాటికి పాస్‌వర్డ్ మేనేజర్లు వేరే ఉన్నాయి. చీటీలో 'ఇక్కడ పాస్‌వర్డ్ కొట్టాలి' అని ఉంటే చాలు. గిట్‌లో ఒకసారి చేరిన పాస్‌వర్డ్‌ని తర్వాత చెరిపినా పాత ప్రతుల్లో ఉండిపోతుంది. పొరపాటున చేరిందా, వెంటనే ఆ పాస్‌వర్డ్ మార్చేయడమే మందు.

కంపెనీ కోడ్‌ని సొంత ఫైల్లోకి ఎత్తుకోవద్దు. అది వాళ్ల సొత్తు. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం చేసిన కాగితాల్లో ఆ మాట ఉండే అవకాశమే ఎక్కువ. నేర్చుకున్న పద్ధతిని మీ సొంత చిన్న ఉదాహరణతో తిరగరాసుకోండి. అప్పుడు అది నిజంగానే మీదవుతుంది.

ఇప్పుడు ఏఐని అడిగితే క్షణంలో కోడ్ రాసిస్తోంది కదా, ఇంక చీటీలెందుకు అంటారా? అది ఇచ్చింది మీ కంప్యూటర్లో, మీ ఫైలు మీద పనిచేసిందో లేదో చూడాల్సింది మీరే. అలా పరీక్షించి చూసినదే చీటీకి ఎక్కాలి. అడిగేటప్పుడు ఉద్యోగుల జీతాలు, ఆధార్ నంబర్లు అందులో అతికించకండి. ఉత్తుత్తి పేర్లు, అంకెలతో అడిగినా జవాబు అదే వస్తుంది.

మానేసిన చోటు నుంచే మళ్లీ

పెళ్లి, పురుడు, పిల్లల చదువు, పెద్దల అనారోగ్యం... ఉద్యోగానికి విరామం ఇవ్వాల్సి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లకే. రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ అడుగుపెట్టేసరికి 'నాకింక ఏమీ రాదేమో' అన్న బెంగ. నిజానికి పోయేది తెలివి కాదు, వేళ్ల మీద ఉండే చిన్న చిన్న వివరాలే. వాటిని దాచడానికే ఈ పెట్టె. ఫైలు తెరిచి నాలుగు చీటీలు నడిపి చూస్తే, పాత వెర్షన్లు మారి ఉండొచ్చు గానీ దారి మాత్రం గుర్తొస్తుంది. 'ఇది నేనే రాశాను, ఇది నాకు వచ్చు' అన్న ధైర్యం ఏ కోర్సూ ఇవ్వలేదు.

ప్రతి చిన్నదానికీ ఎవర్నో ఒకర్ని బతిమాలుకునే అవస్థ కూడా తప్పుతుంది. 'ఆవిడకి రోజూ చెప్పాలండీ' అన్న మాట వినడం ఎవరికి మాత్రం ఇష్టం?

ఇంకో మాట. మీరు రాసిన చీటీలు బాగుంటే ఆఫీసంతా వాడుకుంటుంది. మంచిదే, పంచుకోండి. అయితే ఇల్లు సర్దిన పనిలాగే ఇది కూడా ఎవరికీ కనబడని చాకిరీగా మిగిలిపోకూడదు. ప్రతి చీటీ కింద మీ పేరు, తేదీ వేయండి. ఏడాది చివర్లో పనితీరు గురించి మాట్లాడేటప్పుడు 'కొత్తగా చేరినవాళ్లు వాడుతున్న నోట్సు నేను రాసినవే' అని మొహమాటం లేకుండా చెప్పండి. గ్రేస్ హాపర్ పేరు ఈరోజుకీ నిలిచిందంటే ఆమె పని చేసినందుకే కాదు, ఆ పని గురించి జీవితాంతం ఊరూరా తిరిగి చెప్పినందుకు కూడా!

ఒకేరోజు యాభై చీటీలు రాయాలని కూర్చోకండి, రెండో రోజుకే విసుగొస్తుంది. ఏదైనా పని కోసం రెండోసారి వెతుక్కోవాల్సి వచ్చిందంటే, అది చీటీ రాయాల్సిన పని అని గుర్తు. అలా వారానికి ఒక్కటి రాసినా ఏడాదికి యాభై దాటతాయి. నెలకోసారి తిరగేసి, ఇప్పుడు పనిచేయనివి తీసేయండి. పురుగు పట్టిన మెంతుల్ని పోపులపెట్టెలో ఉంచుకోం కదా!